ఇంటి డీడ్‌లో నా పేరెక్కిన కథ

కాలిఫోర్నియాలో పదకొండేళ్లుగా కాపురం ఉంటున్న ఇంటికి నేను ఓనర్ని కాదన్న సంగతి నాకు 2025 మార్చిలో తెలిసింది. అదీ ఒక శనివారం మధ్యాహ్నం, గరాజ్‌లో స్టూలు మీద కూర్చుని ఉన్నప్పుడు.

అంతకు నెల ముందు మా ఆయనతో పనిచేసే ఒకాయన హఠాత్తుగా పోయారు. యాభై కూడా లేవు. వాళ్లావిడను పలకరించడానికి వెళ్లాను. ఇల్లు ఆయన ఒక్కరి పేరునే ఉందట. లాయరేమో ప్రొబేట్‌కి (పోయినవాళ్ల ఆస్తిని కోర్టు ద్వారా వారసుల పేరున మార్చే పద్ధతి) వెళ్లాలి, ఏడాది పైనే పట్టొచ్చు అంటున్నాడట. "నేనూ ఓనర్నే అనుకున్నాను అక్కా" అని ఆవిడ రెండు మూడుసార్లు అంది. ఆ మాట నన్ను వదల్లేదు. మా ఇల్లు కొన్నప్పటి కాగితాల పెట్టె గరాజ్‌లో అటక మీద ఉంటే దింపాను.

పెట్టెలో అన్నిటికన్నా పైన గ్రాంట్ డీడ్, అంటే ఇల్లు కొన్నప్పటి దస్తావేజు ఉంది. అందులో మా ఆయన పేరు, పక్కనే 'వివాహితుడు, తన సొంత ప్రత్యేక ఆస్తిగా' అని అర్థం వచ్చే ఇంగ్లిష్ ముక్క. దాని వెనకే ఇంకో డీడ్. ఈ ఇంటి మీద నాకేమైనా హక్కుంటే అది నా భర్తకే రాసిస్తున్నానని దాని సారాంశం. కింద నా సంతకం, సాక్షాత్తూ నాదే.

ఎప్పుడు పెట్టానో తర్వాత గుర్తొచ్చింది. 2014లో నేను హెచ్4 మీద, అంటే ఉద్యోగం వీసా మీద వచ్చినవాళ్ల భార్యకిచ్చే వీసా మీద ఉన్నాను. మా వీసా వాళ్లలో కొందరికైనా పని చేసుకునే వీలు మొదలైంది 2015లో. నాకు జీతం లేదు, క్రెడిట్ హిస్టరీ లేదు, అందుకని లోను ఆయన ఒక్కరి పేరు మీదే వచ్చింది. కాలిఫోర్నియాలో పెళ్లయ్యాక కొన్న ఆస్తిని భార్యాభర్తల ఉమ్మడి ఆస్తిగా చూస్తారు. అందుకే లోనులో లేని భార్య చేత ఇలా రాయించుకుంటారట. సంతకాల రోజున టేబుల్ మీద ఇటుక మందాన కాగితాలున్నాయి. ఒళ్లో ఏడాది పాప ఏడుస్తోంది. పసుపు స్టిక్కర్ ఉన్న చోటల్లా పెట్టుకుంటూ పోయాను. నాలాగే హెచ్4 మీద వచ్చి, ఇల్లు కొన్న రోజున స్టిక్కర్లు చూసుకుంటూ సంతకాలు పెట్టిన వాళ్లు చాలామందే ఉంటారు. ఒకసారి పెట్టె దింపి చూసుకోండి.

ఆ రాత్రి మా ఆయనతో అన్నాను, "ఏవండీ, ఈ ఇల్లు నాది కాదటగా."

"నీది నాది ఏంటి?"

"ఆ తేడా మనకు లేదు. కౌంటీకి ఉంది."

తర్వాత లాయరైన ఒక స్నేహితురాలిని అడిగితే లెక్క చెప్పింది. ఇక్కడ వీలునామా, ట్రస్టు ఏవీ లేకుండా భర్త పోతే, ఇద్దరు పిల్లలున్నప్పుడు ఆయన ప్రత్యేక ఆస్తిలో భార్యకు వచ్చేది మూడో వంతు. ప్రొబేట్‌లో లాయరు ఫీజు చట్టంలోనే రాసి ఉంటుంది: మొదటి లక్ష డాలర్ల మీద 4 శాతం, రెండో లక్ష మీద 3, ఆ పైన ఎనిమిది లక్షల మీద 2. అంటే పది లక్షల డాలర్ల ఇంటికి 23,000 డాలర్లు. ఇంటి మీద ఇంకా ఎంత లోనుందన్నది అందులోంచి తీసెయ్యరు. శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల మా బే ఏరియాలో పది లక్షలంటే ఎంత చిన్న ఇల్లొస్తుందో ఇక్కడి వాళ్లకు చెప్పనక్కర్లేదు.

ప్రొబేట్ తప్పాలంటే ఇంటిని ట్రస్టులో పెట్టుకోవడమే మేలని ఆమె సలహా. అదీ చేస్తున్నాం, అది వేరే కథ. ముందు నా పేరు ఎక్కాలని నేను పట్టుబట్టాను. దీనికి వాడేది ఇంటర్‌స్పౌజల్ ట్రాన్స్‌ఫర్ డీడ్, అంటే భార్యాభర్తలు ఒకరికొకరు హక్కు రాసిచ్చుకునే కాగితం. 2014లో నా హక్కు వదిలించుకున్నదీ అదే రకం కాగితం. ఇప్పుడు దాన్నే తిరగేసి వాడాలి.

మా ఆయనకు మూడు భయాలు. ఒకటి, ప్రాపర్టీ ట్యాక్స్ పెరుగుతుందేమోనని. 1978లో వచ్చిన ప్రాప్ 13 అనే కాలిఫోర్నియా పన్ను చట్టం పుణ్యమా అని మా ఇంటి విలువను ఇంకా 2014 ధర మీద ఏటా 2 శాతానికి మించకుండా పెంచుతూ లెక్కేస్తున్నారు. చేతులు మారితే ఇప్పటి ధరకు లెక్క కడతారు. కానీ భార్యాభర్తల మధ్య మార్పుకు అది వర్తించదు. రెండు, బ్యాంకు లోను మొత్తం కట్టెయ్యమంటుందేమోనని. భార్యను ఓనర్‌గా చేరిస్తే అలా అడగకూడదని 1982 నాటి ఫెడరల్ చట్టం ఉంది. మూడు, గిఫ్ట్ ట్యాక్స్. దీనికి మాత్రం మా పన్నులు చూసే అకౌంటెంటు (సీపీఏ) "మీరు సిటిజనా?" అని నన్ను అడిగాడు. సిటిజన్ అయిన భార్యకు ఎంతిచ్చినా ఇబ్బంది లేదు. గ్రీన్‌కార్డు మీదే ఉంటే ఏడాదికి ఒక హద్దుంటుంది, 2025లో అది 1,90,000 డాలర్లు. నాకు 2024లో సిటిజన్‌షిప్ వచ్చింది కాబట్టి ఆ గొడవ తప్పింది.

డీడ్ నేనే తయారు చేశాను. శాక్రమెంటో కౌంటీ లా లైబ్రరీ వాళ్ల వెబ్‌సైట్‌లో డీడ్ నమూనాలూ, వాటిని నింపే పద్ధతీ ఉన్నాయి. చూస్తే పేజీన్నర కాగితం. మా తెనాలిలో నాన్న అరెకరం అమ్మినప్పుడు దస్తావేజు లేఖరి పేజీలకు పేజీలు రాశాడు: ఎవరి తాత దగ్గర్నుంచి ఎవరికి వచ్చింది, లింకు డాక్యుమెంటు నంబరేంటి, తూర్పున ఎవరి పొలం, పడమర ఏ కాలువ. ఇక్కడ హద్దుల ఊసే లేదు. ఫలానా ట్రాక్టులో, అంటే లేఅవుట్‌లో, లాట్ (ప్లాటు) నంబర్ ఇంత, ఆ మ్యాపు ఫలానా పుస్తకంలో ఫలానా పేజీలో ఉంది, అంతే. పక్కింటివాడు ఎవడైతే కాగితానికేం పని!

పేజీ పైన కుడివైపు అయిదు అంగుళాల వెడల్పు, రెండున్నర అంగుళాల ఎత్తు ఖాళీ వదలాలి. అది రికార్డర్ సొత్తు, అంటే కౌంటీలో డీడ్‌లు నమోదు చేసే ఆఫీసుది, మనం గీత కూడా గియ్యకూడదు. ఎడమ పక్కన ఎవరు రికార్డ్ చేయమంటున్నారు, అయ్యాక ఎవరికి పంపాలి. ఆ కింద ఇంటిపన్ను కోసం కౌంటీ ఇచ్చే పార్సెల్ నంబర్. తర్వాత ట్రాన్స్‌ఫర్ ట్యాక్స్ ఎంతో చెప్పే వాక్యం. మామూలుగా అయితే కౌంటీకి వెయ్యి డాలర్లకు 1.10 డాలర్లు పడుతుంది, డబ్బులు చేతులు మారని చోట పడదు. డాక్యుమెంటుకు 75 డాలర్ల హౌసింగ్ ఫీజు ఇంకోటి ఉంది, 2018 నుంచి వసూలు చేస్తున్నారు. సొంతంగా ఉంటున్న ఇంటికి అది మినహాయింపే గానీ, ఆ ముక్క మొదటి పేజీలో మనమే రాసుకోవాలి. రాయకపోతే వాళ్లు గుర్తుచేసి వదిలెయ్యరు, తీసుకుంటారు. డీడ్‌తో పాటు ఇంటిపన్నుకు విలువ కట్టే అసెసర్ కోసం ఒక ఫారం, అదే పీకార్, జత చెయ్యాలి. అందులో మొదట్లోనే 'ఇది కేవలం భార్యాభర్తల మధ్య మార్పు' అన్న గడి ఉంటుంది. మా ప్రాప్ 13 ప్రాణం ఆ గడిలో ఉంది. ఆ ఫారం పెట్టకపోతే ఇంకో 20 డాలర్లు.

ఇవన్నీ ఒక పూటలో అయిపోయాయి. పేర్ల దగ్గర వారం పట్టింది.

మా ఆయన ఇండియా పాస్‌పోర్టులో నాలుగు ముక్కలు: ఇంటిపేరు, వెంకట, సత్య, ఆ తర్వాత అందరూ పిలిచే పేరు. 2014 డీడ్‌లో ఆ నాలుగూ ఉన్నాయి. సిటిజన్‌షిప్ తీసుకున్నప్పుడు కోర్టులో ప్రమాణం చేసే రోజునే పేరు మార్చుకునే వీలుంటుంది. ఆయన వెంకట, సత్యలను వదిలేసి రెండు ముక్కలు ఉంచుకున్నారు. "ప్రతి ఫారంలోనూ గడులు చాలడం లేదు" అన్నారు. మా అత్తగారికి ఈ సంగతి ఇంతవరకూ చెప్పలేదు, వెంకట అన్నది మొక్కుకుని పెట్టిన పేరు. దాంతో ఇప్పుడు ఇల్లు నాలుగు ముక్కల మనిషిది, డ్రైవింగ్ లైసెన్సు రెండు ముక్కల మనిషిది.

నా సంగతి ఇంకా అన్యాయం. నా పాత పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండేది, పేరంతా ఒకే గడిలో కుక్కారు. అలాంటివాళ్లకు అమెరికా వీసాలో ఆ మొత్తం పేరు ఇంటిపేరు అయిపోతుంది, మొదటి పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. అయిదేళ్ల పాటు డాక్టర్ దగ్గర నర్సులు నన్ను "ఫ్నూ" అని పిలిచారు. 2014లో హక్కు వదులుకున్న డీడ్‌లో కూడా ఆ ఫ్నూ గారే ఉన్నారు. "హక్కు వదులుకుంది ఆవిడ కదా, నీకేం నష్టం" అని మా ఆయన వేళాకోళం. అదృష్టవశాత్తూ ఈసారి నేను పుచ్చుకునే పక్షం కాబట్టి నా ఇప్పటి పేరు రాస్తే చాలు. ఇచ్చేవాడి పేరే అసలు చిక్కు.

ఎందుకంటే రికార్డర్ ఆఫీసు సూచిక పేర్ల మీద నడుస్తుంది. ఇచ్చినవాళ్లు ఎవరు, పుచ్చుకున్నవాళ్లు ఎవరు అని. రేపెప్పుడో ఈ ఇల్లు కొనేవాళ్ల తరఫున టైటిల్ కంపెనీ వెతికితే, 2014లో నాలుగు ముక్కల మనిషి పుచ్చుకున్నాడు, 2025లో రెండు ముక్కల మనిషెవరో ఇచ్చాడు, మధ్యలో లింకు తెగింది అంటారు. మన ఈసీలో ఎంట్రీ కనబడకపోతే ఎంత గోలో అంత గోల. దీనికి కాలిఫోర్నియా సివిల్ కోడ్ 1096వ సెక్షన్ ఉంది: ఆస్తి వచ్చాక పేరు మారితే, మళ్లీ రాసిచ్చేటప్పుడు ఏ పేరుతో ఆస్తి వచ్చిందో ఆ పేరూ చెప్పాలి. కాబట్టి ఇప్పటి పేరు రాసి, 'ఫలానా పేరుతో టైటిల్ పొందినవాడు' అని పాత నాలుగు ముక్కలూ, 2014 డీడ్‌లో ఉన్న వరసలోనే, ఒక్క అక్షరం తేడా లేకుండా రాశాను. వదిలేసిన వెంకట, సత్య మళ్లీ ఇంటికొచ్చారు.

పుచ్చుకునే చోట మా ఇద్దరి పేర్లూ రాసి, 'భార్యాభర్తలు, ఒకరు పోతే మిగిలినవారికి చెందే ఉమ్మడి ఆస్తిగా' అన్న మాట చేర్చాను. ఈ పద్ధతి 2001లో వచ్చిందట. దీనికి మేమిద్దరం ఒప్పుకున్నట్టు డీడ్ మీదే పొడి అక్షరాలు వేశాం.

నోటరీ కోసం ఇంటి దగ్గర పార్సెళ్లు పంపే ఒక షాపుకి వెళ్లాం. సంతకానికి 15 డాలర్లు, చట్టం ఒప్పుకునే గరిష్ఠ రేటు అదే. ఇంటి డీడ్ అయితే నోటరీ తన రిజిస్టర్‌లో బొటనవేలి ముద్ర కూడా తీసుకోవాలి. మా ఆయన వేలు చిన్న ప్యాడ్ మీద అద్దుతుంటే నాకు తెనాలి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు వరండా కళ్లముందుకొచ్చింది. అక్కడ గోడంతా జనం సిరా తుడిచిన వేళ్ల మరకలు, పైన 'గోడకు సిరా తుడవరాదు' అన్న బోర్డు, ఆ బోర్డు మీద కూడా రెండు వేలిముద్రలు. ఇక్కడ ఒక టిష్యూ ఇచ్చారు. సాక్షులు లేరు, ఫొటోలు లేవు. ఆ కాగితంలో ఏముందో నోటరీ చదవలేదు, చదవాల్సిన పనీ లేదు. మనిషీ, లైసెన్సూ ఒకటేనా అన్నదే ఆయన చూసేది. ముద్ర టక్కున కొట్టి ఇచ్చేశాడు. నేనూ సరిగా చూడలేదు.

డీడ్, పీకార్, చెక్కు, తిరుగు కవరు అన్నీ పెట్టి పోస్టులో పంపాను. పదిహేడో రోజున తిరుగు కవరు వచ్చింది. పండగలా విప్పాను. చెక్కు చెక్కులాగే ఉంది. పైన పచ్చ కాగితం, దాని మీద రెండు టిక్కులు. నోటరీ ముద్ర స్కాన్‌లో చదవడానికి రావడం లేదు. ట్రాన్స్‌ఫర్ ట్యాక్స్ సున్నా అని రాశారు, కారణం రాయలేదు.

రెండోది నా తప్పే, సున్నా వేసి ఊరుకున్నాను. మొదటిది చూస్తే నిజమే, ముద్ర సగం అచ్చు అక్షరాల మీద పడి అలుక్కుపోయింది. షాపుకి తీసుకెళ్తే నోటరీ "దీని మీద ఇంకో ముద్ర కొట్టకూడదండీ, ఆయన మళ్లీ వచ్చి సంతకం పెట్టాలి" అన్నాడు. కొత్త సర్టిఫికెట్, మళ్లీ రిజిస్టర్‌లో ముద్ర. ఈసారి డబ్బులు తీసుకోలేదు, అది వేరే సంగతి. దారంతా ఆ పచ్చ కాగితాన్ని తిట్టుకుంటూనే వచ్చాను. ముద్ర కాస్త అలుక్కుంటే ఇల్లు ఆగిపోవాలా!

ఎలాగూ మళ్లీ సంతకం తప్పదు కాబట్టి డీడ్ మొత్తం మళ్లీ ప్రింట్ తీద్దామనుకున్నాను. ఈసారి తప్పులుండకూడదని మా పెద్దదాన్ని కూర్చోబెట్టాను. పన్నెండేళ్లది. అది 2014 డీడ్ పైకి చదువుతుంది, నేను కొత్తదానిలో వేలు పెట్టి చూసుకుంటూ పోతాను. చిన్నప్పటి డిక్టేషన్ లాగా.

"లాట్ సిక్స్‌టీ త్రీ" అంది.

నా వేలు 36 మీద ఉంది.

మళ్లీ చదవమన్నాను. మళ్లీ 63 అంది. కాగితం లాక్కుని చూశాను, 63. కంప్యూటర్‌లో ఫైలు తెరిచి చూశాను, నేను కొట్టింది 36. ఆ తప్పుతోనే ఆయన సంతకం పెట్టారు, నేను పొడి అక్షరాలు వేశాను, నోటరీ ముద్ర కొట్టాడు, కౌంటీ ఆఫీసులో ఎవరో పరిశీలించి రెండు తప్పులు పట్టారు. మూడోది ఎవరికీ కనబడలేదు. ముద్ర శుభ్రంగా పడి ఉంటే, మా ఆయన తనది కాని ఇంటిని నాకు రాసిచ్చినట్టు రికార్డయ్యేది. ముప్పై ఆరో లాటు ఏదో మ్యాపులో వెతికితే వెనక వీధి మూల ఇల్లు. వాళ్ల కుక్క పొద్దున్నే మా కంచె దగ్గరకొచ్చి మొరుగుతుంది.

ఇదెలా జరిగిందని స్నేహితురాలిని అడిగితే నవ్వింది. రికార్డర్ చూసేది కాగితం రికార్డ్ చెయ్యడానికి పనికొస్తుందా లేదా అని మాత్రమేనట: సైజు, ఖాళీ, సంతకం, ముద్ర, పార్సెల్ నంబర్, ఫీజు. ఇల్లు నీదేనా, లాటు సరైనదేనా, రాసిచ్చేవాడికి హక్కుందా అన్నది వాళ్ల పని కాదు. తప్పు లాటుతో రికార్డయితే దాన్ని చెరిపేవాళ్లుండరు, దిద్దుతూ ఇంకో డీడ్ రికార్డ్ చేసుకోవాలి. తప్పుదీ ఒప్పుదీ రెండూ శాశ్వతంగా అక్కడే ఉంటాయి. మన రిజిస్ట్రేషన్ కూడా నమోదే గానీ హక్కుకు గ్యారంటీ కాదని నాన్న అంటుండేవారు, పొలం కొనేముందు ముప్పై ఏళ్ల ఈసీ తీయించేది అందుకే. అమెరికాలో కంప్యూటర్లు చూసుకుంటాయిలే అని నేనే అనుకున్నాను.

రెండోసారి పోస్టును నమ్మలేదు. సెలవు పెట్టి నేనే వెళ్లాను. రాసిచ్చిన మనిషి రానక్కర్లేదు, ఎవరు పట్టుకెళ్లినా తీసుకుంటారు. టోకెన్ తీసుకుని అరగంట కూర్చున్నాను. కౌంటర్‌లో ఒక పెద్దావిడ. డీడ్‌ని కిటికీ వెలుగుకు ఎత్తి ముద్ర చూసింది. పెన్సిల్ తిప్పి పట్టుకుని, మొదటి పేజీలో లైను లైనుకూ రబ్బరు కొన ఆనిస్తూ పోయింది. ట్యాక్స్ కారణం దగ్గర ఆగింది, నాకు గుండె ఆగింది. 'బహుమతి, సెక్షన్ 11930' అని ఉంది. తలూపింది. లాట్ నంబర్ ఉన్న లైను మీద పెన్సిల్ ఆగకుండా జారిపోయింది. నేను మాత్రం అక్కడే చూస్తున్నాను.

"పీకార్?" అంది. ఇచ్చాను. ఫీజు ముప్పై డాలర్ల లోపే అయింది. నేను పదిలంగా వదిలిన ఆ కుడివైపు ఖాళీలో లేబుల్ అంటించింది: డాక్యుమెంట్ నంబర్, తేదీ, గంటలు, నిమిషాలు. ఒకే ఇంటి మీద రెండు డీడ్‌లు వస్తే ఏది ముందు రికార్డయిందన్నది ముఖ్యం కాబట్టి నిమిషం కూడా వేస్తారు. పది గంటల నలభై రెండు నిమిషాలు. మా పెళ్లి ముహూర్తం కూడా ఇంత కచ్చితంగా గుర్తులేదు నాకు.

అసలు కాపీ రాకముందే వేరే ఉత్తరం వచ్చింది. ప్రభుత్వ ముద్రలాంటి గుర్తు, మా పార్సెల్ నంబర్, రికార్డయిన తేదీ, 'మీ డీడ్ కాపీ కోసం' వంద డాలర్ల పైన పంపమని గడువుతో సహా. మా ఆయన చెక్కుబుక్కు కోసం లేవబోయారు. చిన్న అక్షరాల్లో చూస్తే 'ఇది ప్రభుత్వ పత్రం కాదు' అని ఉంది. ఇలాంటివి ఇంకో రెండొచ్చాయి. డీడ్ రికార్డయితే అది అందరికీ కనబడే సమాచారం కదా, వీళ్లు అందులోంచి అడ్రసులు ఏరుకుంటారు. కాపీ కావాలంటే కౌంటీలోనే కొద్ది డాలర్లకు దొరుకుతుంది.

మూడు వారాలకు అసలు డీడ్ మా కవర్లోనే తిరిగొచ్చింది. ఆ రాత్రి అమ్మకు వీడియో కాల్‌లో చూపించాను. కళ్లజోడు పెట్టుకుని ఫోను దగ్గరగా తెచ్చుకుంది.

"ఇంతేనా కాగితం? హద్దులు రాయలేదేంటే?"

"ఇక్కడ రాయరమ్మా."

"తూర్పున ఎవరు, పడమర ఎవరు అని లేకపోతే మీ ఇల్లేదో ఎలా తెలుస్తుంది?"

"అరవై మూడో లాటు" అన్నాను. మళ్లీ ఒకసారి కాగితం చూసుకున్నాను. "అరవై మూడే."